బక్కోని సంచి

పొద్దంత నా చెవులల్ల పట్నం మోగుతది.
"మేడం, బిర్యానీ సల్లారింది."
"మేడం, కస్టమర్ ఫోన్ ఎత్తుతలేడు."
"మేడం, మ్యాపు నన్ను మూసీల దిగుమంటుంది."
హెడ్‌ఫోన్ తీసి పెట్టినంక గూడ
చెవి తమ్మె మీద దాని ఒత్తు
రాత్రి పదకొండు దాక పోదు.

గప్పుడు కూసుంట, బక్కోని తోటి.

జగదీశ్ మార్కెట్ల బేరమాడి తెచ్చిన పాత డబ్బా.
ఎడమ బటన్ జర గట్టిగ ఒత్తాలె,
లేకుంటే కొండెక్కుడు మానేసి
నడిబాటల నిలబడి టోపీ సదురుకుంటడు.
ఆటల వానికేదో పేరున్నది, నాకు నోరు తిరగదు.
వీపు మీద సంచి, గొలుసు ఊడే సైకిలు,
ఎదురుంగ, ఎంత తొక్కినా ఒడువని గడ్డి.

నిజం చెప్పాలంటే మంచి ఆట కాదు.
వాన కొండవతల పడ్డా
ఇవతల పొట్లాలు నానుతయి.
సైకిలు బండల ఇరికితే
సగం చక్రం రాయి లోపల తిరుగుతది.
గొర్రెలు ఒక్కోసారి గాలిల నడుస్తయి.
ఎవ్వలకు ఏమిచ్చినా ఒక్కటే మాట:
"ఎంత దూరం నుంచి వచ్చినవ్, కూసో."
సావు కబురిచ్చినా గదే.
పగిలిన సీస ఇచ్చినా గదే.
మొదటి వారం నవ్విన.
రెండో వారం యాష్టకొచ్చింది.
మూడో వారం
ఆ మాట కోసమే రెండు వాగులు దాటిన.

అక్కడ అడ్రసంటే
ఇంటి మీద పచ్చ దీపం కంబం లెక్క లేస్తది.
మా దిక్కు అడ్రసంటే
"బంద్ పడ్డ టైలర్ షాపు ఎదురు సందు,
నీళ్ల ట్యాంకర్ ఆగే కాడ తెల్ల కుక్క ఉంటది,
ఆడికొచ్చి ఫోన్ చెయ్యి."
పన్నెండు బై ఏడు పక్కన
పన్నెండు బై మున్నూరు ఎందుకుంటదో
చిలకలగూడల ఎవ్వలకూ ఎర్క లేదు.

"ఆఫీసుల గదే, రూముల గదే, పిచ్చా నీకు?"
అంటది పుష్పలీల, పక్క మంచం మీదికెళ్లి.
ఏం చెప్పాలె?
ఈ ఆట చేసినోళ్లు
లిఫ్టు లేని ఐదో అంతస్తు ఎన్నడూ ఎక్కినట్టు లేరు.
పెట్రోలు లేదు. మోకాలి నొప్పి లేదు.
ఐదుకు ఎన్ని చుక్కలని అడిగేటోడు లేడు.
తలుసుకుంటే కోపమొస్తది.
కోపం తోటే రిమోటు చార్జింగుకు పెడ్త.

మొన్న ఆగస్టు వానల
అఫ్సర్ అనే పిల్లగాడు టోలిచౌకి కాడ
నడుమెత్తు నీళ్లల్ల నిలబడి ఫోన్ చేసిండు.
"కేకు తల మీద పెట్టుకున్న మేడం,
క్యాన్సిల్ కొట్టకుండ్రి."
నా స్క్రీను మీద ఎర్రగ: నలభై మూడు నిమిషాలు లేటు.
నాకిచ్చిన కాగితంల 'కూసో' అన్న మాట లేదు.
"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్న,
కస్టమర్‌కు చెప్పేది, అలవాట్ల, వానికి చెప్పిన.
అవతల జరసేపు ఒట్టి వాన సప్పుడు.
తర్వాత నవ్విండు.

ఆ రాత్రి బక్కోన్ని యాడికీ తీస్కపోలే.
ఒక గుడిసె చూరు కింద నిలబెట్టి
చాయ్ పెట్టుకున్న.
తెర మీద వాన, కిటికీ మీద వాన.
ఒక కాలు మీదికెళ్లి ఇంకో కాలు మీదికి మారిండు.
టోపీ సదురుకున్నడు.
ఇట్ల నిలబెడితే పాయింట్లు రావు.
పోవు గూడ.

సంచిల ఒక తేనె సీస మిగిలింది, ఎనిమిది నెలలాయె.
నక్కల వాగు అవతల ముసలామెకు ఇయ్యాలె.
వంతెన నడిమధ్యలకు రాంగనే
ఆట కొయ్యబారుతది, ప్రతిసారి,
వాని ఒక కాలు గాలిల.
ఆపి, మళ్ల మొదలువెట్టి,
మళ్ల అదే దాక.
ముసలామె ఫోన్ చెయ్యది.
యాడిదాక వచ్చినవని అడుగది.
ఆమె ఇంటి మీద పచ్చ దీపమైతే ఆరలే.

రేపు నాకు వీక్లీ ఆఫ్.
గొలుసు ఎక్కియ్యి బక్కోడా,
ఇంకోపారి పోదాం పా.